వచ్చినవానిని కాదు, తెచ్చినవానిని నిలదీయండి



కొద్ది వారాల క్రితం మన అనుబంధ శాఖలలో ఒకదాని సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చర్చకు వచ్చింది. ట్రాకు పనులకు కంట్రాక్టర్లు ఒడిశా, బీహారు, జార్ఖండ్, బెంగాల్ రాష్ట్రాల నుండి దింపిన కూలీలను వెంటనే పంపివేయాలనీ, వారిలో కొందరు సరిహద్దు దాటి వచ్చిన విదేశీయులేననీ, వారి వలననే ఇక్కడి కూలి రేట్లు పడిపోయి, ఇంటి అద్దెలు, నిత్యావసరాల ధరలు పెరిగిపోయాయనీ ఆ తీర్మానం సారాంశం.

ప్రతిపాదించినవాడు ఒక యువ ట్రాక్ మెయింటెయినర్. గ్యాంగ్‌మన్ కొడుకు. అతడు చెప్పిన మాట సూటిగా ఉన్నది. "మా తమ్ముడు డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. కంట్రాక్టరు దగ్గరకు వెళితే, నీ కూలికి నాకు ఇద్దరు వస్తారు పో అన్నాడు. యూనియన్ నాయకులు దీనికి ఏం జవాబు చెపుతారు?" హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆ తీర్మానాన్ని వ్యతిరేకించినవారిలో నేనొకడిని. చర్చ తెగక, తీర్మానం తదుపరి సమావేశానికి వాయిదా పడింది. ఇటువంటి తీర్మానాలే మరికొన్ని చోట్ల తయారవుతున్నాయని తెలిసినందున, ఆనాడు పది నిమిషాలలో చెప్పలేకపోయిన జవాబును ఈ పుటలలో సభ్యులందరి ముందు ఉంచుతున్నాను.

మొదటే ఒక మాట ఒప్పుకోవాలి. ఆ యువకుని బాధ కల్పితం కాదు. కంట్రాక్టరు అన్న మాటా అబద్ధం కాదు. దూర ప్రాంతాల నుండి కూలీలను తెచ్చి స్థానిక రేటును విరగ్గొట్టటం యాజమాన్యాలకు వందేళ్ళకు పైబడిన విద్య. ఇది లేదని బుకాయించే నాయకుడు కార్మికుల విశ్వాసం పోగొట్టుకుంటాడు. కాని, రోగం ఉన్నదని ఒప్పుకోవటం వేరు, వైద్యుడెవరో తెలియకుండా ఎవడిచ్చిన మందునైనా మింగటం వేరు. ఆ తీర్మానం సూచించిన మందును మన వాళ్ళు ఒకసారి రుచి చూచినవారే. అయితే ఆనాడు మందు మింగించిన పక్షాన కాక, దెబ్బలు తిన్న పక్షాన ఉన్నారు.

రంగూను రేవులో మనమే విదేశీయులం

మా తాతగారి తరంలో ఉత్తరాంధ్ర పల్లెలలో "రంగం వెళ్ళాడు" అంటే బర్మా వెళ్ళాడని అర్థం. గంజాం, విశాఖపట్టణం, గోదావరి జిల్లాల నుండి వేలాది కూలీలు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవులలో స్టీమరు ఎక్కి రంగూనుకు పోయేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువాడికి కోరంగీ అని పేరు పడింది. ఓడలలో సరుకు ఎక్కించి దించినది, వడ్ల మిల్లులలో బస్తాలు మోసినది, రిక్షాలు లాగినది, పాకీపని చేసినది ఎక్కువగా వాడే. వాడు పంపిన మనియార్డరుతోనే ఇక్కడ శిస్తు కట్టేవారు, అప్పు తీర్చేవారు, ఆడపిల్ల పెండ్లి చేసేవారు. ఆ మనియార్డరు కూపనులను మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో చాలాకాలం దాచుకున్నది. చదువు రాని ఆ ముసలమ్మకు తపాలా బంట్రోతు చదివి వినిపించిన రెండు వాక్యాలే భర్త గొంతు.

ఆ కోరంగీ కూలి రేవు యజమానుల చేతి నుండి నేరుగా జీతం అందుకున్నవాడు కాదు. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చి తీసుకుపోయేవాడు. ఆ బయానా తీరేదాకా వాడు మేస్త్రీ మనిషి. జీతం మేస్త్రీ చేతి మీదుగా రావలసిందే, ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్కరి కోత పోగా మిగిలినదే వాడి కూలి. రంగూనులో వలస కార్మికుల సంరక్షణ శాఖలో పనిచేసిన ఆండ్రూ అనే బ్రిటిష్ అధికారి 1933లో ప్రచురించిన గ్రంథంలో ఈ మేస్త్రీ పద్ధతి వివరాలన్నీ రాశాడు. బర్మా కార్మికునికి "తక్కువ కూలికి వచ్చే విదేశీయుడు" కనిపించాడే గాని, వాడి మెడకు చుట్టిన బయానా తాడు కనిపించలేదు.

1930 మే నెలలో ఆ తెలుగు కూలీలు రేవులో సమ్మె చేశారు. ఎందుకు? కూలి పెంచమని. "తక్కువ కూలికి పనిచేసే బయటివాడు" కూలి పెంచమని సమ్మె కట్టినపుడు యజమానులు ఏం చేశారు? అంతవరకు రేవు పనిలో పెద్దగా చేర్చుకోని బర్మీయులను పిలిచి పనిలో పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమైన మరుక్షణం, మే 26వ తేదీన, ఆ బర్మీయులను ఇక అక్కర లేదు పొమ్మన్నారు. ఆశ పెట్టి తోసివేయబడిన బర్మీయులూ, సమ్మె గెలిచి తిరిగి వచ్చిన తెలుగువారూ రేవు గట్టున ఎదురెదురు పడ్డారు. ఆనాడు మొదలైన దొమ్మీలు రోజుల తరబడి సాగాయి. నూరుమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో అత్యధికులు మన తెలుగు కూలీలు. ఏ స్టీవడోరు కంపెనీ యజమానికీ చిన్న గాయమైనా తగలలేదు.

ఈ సంఘటనను కార్మికోద్యమంలో ఉన్న ప్రతి ఒక్కరూ కంఠస్థం చేయదగినది. ఒకే నెలలో, ఒకే రేవులో, అదే యజమాని బర్మీయుని చేత తెలుగువాని సమ్మెను విరగ్గొట్టించాడు, తెలుగువానిని చూపి బర్మీయుని పని ఊడగొట్టాడు. ఇందులో బయటివాడెవడు, లోపలివాడెవడు? ఆ వారంలో స్థానికుడే సమ్మె విచ్ఛిన్నకుడు, విదేశీయుడే సమ్మె యోధుడు!

తరువాత ఏం జరిగినదో కూడా చూడండి. 1937లో బర్మా ఇండియా నుండి వేరుపడింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. వలసలపై విచారణకు నియమితుడైన బాక్‌స్టర్ 1941 నాటి నివేదికలో, భారతీయుల శ్రమ బర్మీయుల శ్రమకు పోటీగా కాక, దానికి అనుబంధంగానే ఎక్కువగా ఉండినట్లు అభిప్రాయపడ్డాడు. అప్పటికే ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు. 1942లో జపాను దాడికి భయపడి లక్షలాది భారతీయులు అడవుల వెంట, కొండల వెంట కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. 1962లో సైన్యం అధికారం చేపట్టిన తరువాత మిగిలినవారిలో కూడా చాలామంది వెళ్ళగొట్టబడ్డారు. విశాఖపట్టణంలోని బర్మా క్యాంపు అన్న పేరు ఆ చరిత్రకు గుర్తుగా నేటికీ నిలిచి ఉన్నది.

"స్థానికులకే పని" అన్న తీర్మానం అక్కడ నూటికి నూరుపాళ్ళు అమలైంది. మరి బర్మా కార్మికుని కూలి ఆకాశానికి అంటినదా? 1987లో ఆ దేశం ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలోకి చేరింది. ఆనాటి రేవు కూలీల మనుమలూ మునిమనుమలూ ఈనాడు లక్షల సంఖ్యలో థాయిలాండు చేపల రేవులలో, కర్మాగారాలలో "తక్కువ కూలికి వచ్చే విదేశీయులు" అనిపించుకుంటున్నారు.

చౌక ఎక్కడ పుడుతుంది?

కూలి తగ్గటానికి కారణం మనిషి పుట్టిన ఊరు కాదు. వాడికి లేని హక్కు. బేరమాడే హక్కు, పని మానే హక్కు, వేరొక యజమాని దగ్గరకు పోయే హక్కు, సంఘంలో చేరే హక్కు – ఈ నాలుగూ లేనివాడు ఎక్కడివాడైనా చౌకగానే దొరుకుతాడు.

తీర్మానం చేసిన శాఖ పరిధిలోనే, లైను పక్క రేకుల షెడ్లలో ఉన్న ఆ కూలీల దగ్గరకు మరునాడు సాయంత్రం వెళ్ళాను. పశ్చిమ ఒడిశా నుండి వచ్చిన ఒక నడివయస్కుడు వచ్చీరాని హిందీలో చెప్పిన వివరం ఇది: పంటలు లేని రోజులలో సర్దారు ఇంటికి వచ్చి బయానా ఇచ్చాడు. దానిని వాళ్ళు దాదన్ అంటారు. రిజిస్టరులో వేలిముద్ర వేయించేది ఒక మొత్తానికి, చేతికి వచ్చేది మరొక మొత్తం. మధ్యలో పని మాని పోతే పాత జీతం రాదు. ఆధార్ కార్డు సర్దారు దగ్గర ఉన్నది. బెంగాలీ మాట్లాడే కుర్రవాళ్ళిద్దరు పక్కనే ఉన్నారు. "బంగ్లాదేశ్ వాళ్ళని పట్టిస్తాను" అని సూపర్‌వైజరు బెదిరిస్తున్నాడట. వాళ్ళ జిల్లా ముర్షీదాబాద్! మిత్రులారా, మన సమావేశంలో మనం కొట్టిన చప్పట్లు ఎవరి చేతిలో కొరడాగా మారుతున్నాయో గ్రహించండి. "విదేశీయుడు" అన్న మాట కూలివాని నోరు మూయించటానికి సూపర్‌వైజరుకు ఉచితంగా దొరికిన ఆయుధం. నోరు మూతపడినవాడే మన తమ్ముని కంటే తక్కువకు పనిచేస్తాడు. అంటే ఆ తీర్మానం తాను తిట్టుతున్న చౌకతనాన్ని తానే పెంచుతున్నది.

ఇక తపాలా సోదరులను అడుగుతున్నాను. మన శాఖలో అందరికంటే చౌకగా పనిచేస్తున్నది ఎవరు? గ్రామీణ డాక్ సేవక్. ఒకనాటి ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఉద్యోగి. అతడు ఒడిశా వాడా, విదేశీయుడా? బ్రాంచి పోస్టుమాస్టరు ఆ ఊళ్ళోనే నివసించాలన్నది నియామక షరతు! 1977లోనే సుప్రీంకోర్టు ఆ ఉద్యోగం సివిల్ పోస్టు అని తీర్పు చెప్పింది. అయినా రెగ్యులర్ ఉద్యోగి హోదా నేటికీ లేదు. 2018లో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం నాలుగు గంటల పనికి బ్రాంచి పోస్టుమాస్టరు కనీస భత్యం నెలకు 12,000 రూపాయలు. సహాయకునికి 10,000. ఆ నాలుగు గంటలు ఎన్ని గంటలవుతాయో డెలివరీ బస్తా మోసినవాడికి తెలుసు. ఒక్క మనిషినైనా పొరుగు రాష్ట్రం నుండి దించకుండానే, ఒక్క సరిహద్దు దాటించకుండానే, కేవలం ఒక నియమావళితో ప్రభుత్వం లక్షలాది స్థానికులను చౌక కూలీలుగా మార్చగలిగింది. స్థానికత కూలిని కాపాడేదే అయితే, డాక్ సేవక్ దేశంలో అందరికంటే సుఖంగా ఉండవలసినవాడు.

గల్ఫు దేశాల వైపు చూడండి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుండి పోయిన మన బిడ్డలు అక్కడ విదేశీ కార్మికులు. కఫాలా పద్ధతిలో వీసా యజమాని చేతిలో ఉంటుంది, ఎదురు తిరిగినవాడు "పారిపోయినవాడు" అవుతాడు. వాడి చౌకతనం ఆ చట్టంలోనిది. మన ప్రభుత్వమే దానికి మరొక మెట్టు వేసిన సంగతి ఎందరికి గుర్తున్నది? 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫుకు పోయే కార్మికుల కనీస సిఫార్సు వేతనాలను 30 నుండి 50 శాతం దాకా తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. ఖతారు, ఒమాన్, బహ్రెయిన్, యు.ఏ.ఈ. దేశాలకు నెలకు 200 డాలర్లు చాలునన్నది. పోటీలో మనవారికి ఉద్యోగాలు దొరకాలని సాకు. నేపాలువాడో, బంగ్లాదేశ్ వాడో తక్కువకు వస్తున్నాడు గనుక మనవాడు ఇంకా తక్కువకు వెళ్ళాలట! గల్ఫు కార్మికుల సంఘాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్ళి, ఊరూరా ఆందోళన చేసిన తరువాత, 2021లో ఆ సర్క్యులర్లు వెనక్కి తీసుకొనక తప్పలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నది. 2021 మార్చి నుండి ఖతారులో దేశభేదం లేకుండా కార్మికులందరికీ 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలులోకి వచ్చింది. యజమాని వసతి ఇవ్వకపోతే 500, భోజనం పెట్టకపోతే 300 అదనం. ఆ మొత్తం చాలునని నేననను, ఎగవేతలు లేవనీ అనను. కాని కూలి నేల రేటు ఒక్కటైతే, "వాడు తక్కువకు వస్తాడు" అన్న బెదిరింపులో పస పోతుంది. అది ఎవరినీ ఓడ ఎక్కించి పంపకుండానే జరిగింది.

పంపివేసిన చోట ఏం జరిగింది?

"అయినా పంపివేస్తే కొంతైనా కూలి పెరగదా?" అని అడిగేవారున్నారు. ఇది అమెరికాలో పరీక్షకు నిలిచిన ప్రశ్న. 1942 నుండి మెక్సికో కూలీలను ఒప్పందం మీద పొలాలకు తెచ్చే బ్రసేరో పథకం అక్కడ నడిచింది. ఉచ్ఛదశలో ఏడాదికి నాలుగు లక్షల పైచిలుకు మంది వచ్చేవారు. వారు పోతే దేశీయ వ్యవసాయ కూలీల వేతనం పెరుగుతుందని చెప్పి 1964 చివర పథకాన్ని రద్దు చేశారు. ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ లెక్కలను తిరగేసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, మెక్సికో కూలీలు ఎక్కువగా ఉండి ఖాళీ అయిన రాష్ట్రాలలో కూలి, అసలు వారు రాని రాష్ట్రాలలో కంటే ఏమీ ఎక్కువగా పెరగలేదని తేల్చారు. భూస్వాములు స్థానికుని పిలిచి కూలి పెంచలేదు. టమోటా కోతకు యంత్రం తెచ్చారు. యంత్రం రాని పంటను తగ్గించుకున్నారు.

మన దేశంలో బొంబాయి అనుభవమున్నది. 1966 నుండి అక్కడ స్థానికులకే ఉద్యోగాలన్న నినాదం లేచి, మొదట దక్షిణాది గుమాస్తాలపై, హోటళ్ళపై విరుచుకుపడింది. ఆ దెబ్బలు తిన్నవారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ నినాదపు వేడిలో ఎర్రజెండా సంఘాలు బలహీనపడ్డాయి. 1982లో సుమారు రెండున్నర లక్షల మంది జౌళి కార్మికులు సమ్మెకు దిగిన తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ మిల్లుల నేలలో నేడు ఆకాశహర్మ్యాలు, అంగళ్ళు వెలిశాయి. మరాఠీ నేత కార్మికుని ఉద్యోగాన్ని ఎత్తుకుపోయినది మద్రాసు గుమాస్తా కాదు.

ధరల మాట

తీర్మానంలో రెండవ ఆరోపణ జీవన వ్యయం. బయటివారు వచ్చి ధరలు పెంచుతున్నారట. రేకుల షెడ్డులో పదిమంది కలసి పడుకొని, పప్పు నీళ్ళతో అన్నం తిని, మిగిలినది ఇంటికి పంపేవాడు మన ఊరి అద్దెలనూ, పప్పు ధరనూ ఎట్లా పెంచగలడు? మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. దాని ధర నిర్ణయమయ్యేది విదేశీ విపణిలో, సుంకాల పట్టికలో, టోకు వర్తకుని గోడౌనులో. వాటికి వెళ్ళి దణ్ణం పెట్టి, రేకుల షెడ్డు మీద రాళ్ళు వేయటం పోరాటం కాదు.

మన నిజ వేతనం ఎక్కడ కోతపడిందో లెక్క చూద్దాం. 2020 జనవరి, 2020 జూలై, 2021 జనవరి – ఈ మూడు వాయిదాల కరువు భత్యాన్ని ప్రభుత్వం స్తంభింపజేసింది. 18 నెలలపాటు మన కరువు భత్యం 17 శాతం దగ్గరే నిలిచిపోయింది. 2021 జూలై నుండి 28 శాతానికి పెంచారు గాని, ఆ 18 నెలల బకాయి ఇవ్వలేదు. ఆ సొమ్ము ఏ ఒడిశా కూలి జేబులోకి పోయింది? ఒక్క కలం పోటుతో ఒక్కొక్క రైల్వే, తపాలా కుటుంబం నష్టపోయిన మొత్తాన్ని మీ పే స్లిప్పులు ముందు పెట్టుకొని లెక్క కట్టండి. ఆ తరువాత ఏ మూలనుంచి దోపిడీ జరుగుతున్నదో మాట్లాడుకుందాం.

సూచిక సంగతీ చూడండి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచికకు 2001 ఆధార సంవత్సరంగా ఉన్నపుడు ఆహార పదార్థాల వాటా నూటికి 46.20. 2016కు మార్చినపుడు అది 39.17కు తగ్గింది. సగటు కుటుంబం ఖర్చు తీరు మారి ఉండవచ్చు. కాని సగటు కంటే కింద ఉన్న ట్రాక్‌మన్ ఇంట్లో, డాక్ సేవక్ ఇంట్లో జీతంలో ఎంత భాగం తిండికి పోతున్నది? కూరగాయల ధర మండినపుడు వాని వంటింట్లో లేచిన మంట సూచికలో సగమే కనపడుతుంది. 1957లో 15వ భారత కార్మిక సమావేశం కనీస వేతనానికి లెక్క చెప్పింది – ముగ్గురు వినియోగదారుల కుటుంబం, ఒక్కొక్కరికి 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, అద్దె, ఇంధనం వగైరాలకు మరో 20 శాతం. ఆ అవసరాధార వేతనం కోసమే 1968 సెప్టెంబరు 19న కేంద్ర ఉద్యోగులు సమ్మె చేసి ప్రాణాలు సైతం అర్పించారు. ఆ కొలత చేతిలో ఉండగా, పొరుగు కూలివాని కంచంలోకి తొంగిచూడటం మనకు తగదు.

1974 తీర్మానం ఏమన్నది?

రైల్వే కార్మికులకు 1974 మే 8 అంటే ఒళ్ళు పులకరిస్తుంది. మే 27న విరమించేదాకా సాగిన ఆ మహా సమ్మె కోర్కెలలో బోనసు, కరువు భత్యం, ఎనిమిది గంటల పనితోపాటు మరొక కోర్కె ఉన్నది – క్యాజువల్ కార్మికులను పర్మనెంటు చేయాలి. ఆ క్యాజువల్ కూలీలలో ఎందరు ఎక్కడెక్కడి నుండి వచ్చినవారో ఆనాటి నాయకులు విచారించలేదు. చౌకగా వాడబడుతున్నవాడిని తమ సరసకు తెచ్చుకుంటేనే తమ జీతం నిలుస్తుందని వారికి తెలుసు. పాలమూరు కూలీలు, శ్రీకాకుళం కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టినవారు, పట్టాలు పరచినవారు. వారిని "పంపివేయండి" అని ఏ రాష్ట్రంవాడో తీర్మానిస్తే మనకెట్లా ఉంటుంది?

అదే మే 8వ తేదీ, 2020లో, మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీలపై గూడ్సు బండి పోయింది. ఇంటికి చేర్చే బండి కోసం నడచి నడచి అలసినవారు. దానికి వారం ముందు, మే 1న, దేశంలో మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు కదిలినది మన లింగంపల్లి నుండే, జార్ఖండ్‌లోని హటియాకు. సుమారు 1,200 మందిని అందులో ఎక్కించి పంపినవారు మన లోకో సిబ్బంది, మన స్టేషను సిబ్బంది. ఆనాడు వారిని చూచి కంటతడి పెట్టిన మనం, ఈనాడు వారినే దొంగలుగా చిత్రించే తీర్మానానికి చేతులెత్తవచ్చునా?

మరి చేయవలసినదేమిటి?

తీర్మానాన్ని చించివేయమని నేననటం లేదు. దానిని సవరించమంటున్నాను. "పంపివేయండి" అన్న మాట తీసివేసి, ఈ కోర్కెలు చేర్చండి.

మొదటిది: ఒకే పనికి ఒకే రేటు. రెగ్యులర్ కార్మికుడు చేసే పనినే కంట్రాక్టు కార్మికుడు చేస్తే అదే వేతనమివ్వాలని 1970 కంట్రాక్టు లేబర్ చట్టం కింది నియమాలలో ఉండేది. ఆ రేటు కచ్చితంగా పడిననాడు, వెయ్యి మైళ్ళు పోయి కూలీలను తెచ్చే ఖర్చు కంట్రాక్టరు పెట్టడు. మన యువకుని తమ్ముడికి ఆనాడు పని దొరుకుతుంది, అదీ గౌరవమైన కూలికి.

రెండవది: రక్షణల కోతను ప్రతిఘటించటం. దాదన్ దోపిడీ బయటపడిన ఫలితంగా వచ్చిన 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురున్న చోటనే వర్తించేది, నెల జీతంలో సగం స్థానభ్రంశ భత్యం ఇవ్వాలనేది. 2020 వృత్తి భద్రతా కోడ్ ఆ చట్టాన్నీ 1970 చట్టాన్నీ మింగివేసి, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. వలస కార్మికుల పరిమితి అయిదు నుండి పదికి, కంట్రాక్టు కార్మికుల పరిమితి ఇరవై నుండి యాభైకి పెరిగింది. స్థానభ్రంశ భత్యం మాయమైంది. నలభై తొమ్మిది మందితో పని చేయించుకునే కంట్రాక్టరుకు ఇది పండుగ. కూలిని పడగొట్టేది ఇక్కడ ఉన్నది సోదరులారా, రేకుల షెడ్డులో కాదు!

మూడవది: వారిని సంఘంలోకి తేవటం. ప్రతి శాఖ తన పరిధిలోని కంట్రాక్టు కూలీల పేర్లు, రేట్లు, సర్దార్ల వివరాలు సేకరించాలి. కేంద్ర లేబర్ అధికారులకు ఫిర్యాదులు మనమే రాసి పెట్టాలి. హిందీ, ఒడియా, బెంగాలీ భాషలలో కరపత్రాలు వేయాలి. జీతం సర్దారు చేతికి కాక కూలివాని సొంత ఖాతాకు పడేటట్లు చూడటంలో తపాలా సోదరుల పాత్ర గొప్పది. పోస్టుమన్ ఎరుగని షెడ్డు లేదు. ఒకనాడు మా నాయనమ్మకు రంగూను మనియార్డరు చదివి వినిపించిన చేతులే, నేడు ఆ ఒడిశా తల్లికి కొడుకు కష్టార్జితం కోత లేకుండా చేర్చగలవు.

నాలుగవది: ఖాళీల భర్తీ. రెగ్యులర్ పోస్టులు ఎండబెట్టి, ఆ పనిని కంట్రాక్టుకు ఇచ్చినవారే ఆ యువకుని తమ్ముని ఉద్యోగం తీసుకున్నవారు. వారి సంతకాలు ఫైళ్ళలో ఉన్నాయి. వారి చిరునామా మనకు తెలుసు.

ఇది సులువైన దారి అని నేను చెప్పను. భాష రానివానిని సంఘంలో చేర్చటం, బయానాలో ఉన్నవానికి ధైర్యం చెప్పటం ఏళ్ళ తరబడి పని. వానిని తరమటం ఒక రాత్రి పని. కాని ముప్పై ఏళ్ళ సంఘ జీవితంలో, బలహీనుని తరిమి బలపడిన సంఘాన్ని నేను ఒక్కదానిని చూడలేదు. షెడ్డు ఖాళీ అయిన మరునాడు కంట్రాక్టరు వేరొక జిల్లా నుండి వేరొక ఆకలిని దింపుతాడు. ఆ తరువాత, మనలోనే కులం పేర, మతం పేర, ప్రాంతం పేర మరొక "బయటివానిని" వెదకి పెడతాడు. రంగూను రేవులో కూలివాడు కూలివానిని చంపుకున్న రోజున కంపెనీ ఖాతాలో చిల్లిగవ్వ నష్టం రాయబడలేదు.

తదుపరి సమావేశానికి ఆ యువకుడు సవరించిన తీర్మానాన్ని తానే ప్రతిపాదించాలని నా కోరిక. రేకుల షెడ్డు నుండి ఒక ప్రతినిధిని వెంటబెట్టుకొని రావాలని మరో కోరిక. అతని మాట తెలుగులోకి చెప్పటానికి నేను పక్కన నిలబడతాను.

ఒకే పనికి ఒకే వేతనం! కంట్రాక్టు బానిసత్వం నశించాలి! కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!